శాసనసభ్యుని పద్దు

పలాస స్టేషనులో రైలు దిగి కాశీబుగ్గ వైపు నడచినవారికి మొదట ఎదురయ్యేది జీడిగింజలు కాల్చిన వాసన. ఆ వాసనను వెనుక వదలి తూర్పుగా సాగితే కొబ్బరితోటలు, పనసచెట్లు, జీడిమామిడి తోపులు, వాటి ఆవల సముద్రము. ఉద్యానమనే మాటే జనుల నోట ఉద్దానమైనదని పెద్దలు చెప్పుతారు. అంత పచ్చదనం చూసిన కంటికి ఆ నేల కష్టం వెంటనే తెలియదు.

కొన్ని సంవత్సరాల క్రితం వ్యవసాయదారుల కార్యక్రమం కొరకు ధ్వనిముద్రణ యంత్రం భుజాన వేసుకొని వజ్రపుకొత్తూరు వైపు వెళ్ళినాను. కొబ్బరిపీచును గురించి, చీడలను గురించి నాలుగు మాటలు రికార్డు చేసినాను. పని ముగిసిన పిమ్మట యంత్రం ఆపి ఊరికే ఒక ప్రశ్న వేసినాను: "మీరు ఓటు వేసి పంపిన శాసనసభ్యుడు మీకు ఏమి చేసినాడు?" యంత్రం ఆగినదని రూఢి చేసుకొన్న తరువాత ఒక ముసలాయన చెప్పినాడు: "మా మనవరాలి పెళ్ళికొచ్చినాడు బాబూ. మా తమ్ముడు పోతే వచ్చి గంటసేపు కూకున్నాడు." ఏ సభ్యుని గురించి అంటున్నాడో నేను అడుగలేదు, ఆయన చెప్పలేదు. అక్కడ కూర్చున్న పదిమందీ తల ఊపినారు. ఒకరు రోడ్డు పేరు చెప్పినారు. మరొకరు బోరుబావి అన్నారు. శాసనసభ అనే మాట ఒక్కరి నోటను రాలేదు.

నేను నవ్వుకొనలేదు. పెళ్ళికి రావడం, చావుకు రావడం చిన్న పని కాదు. కష్టమొచ్చినప్పుడు మన గుమ్మం తొక్కే మనిషి మనవాడని నమ్మే జాతి మనది. అయినా ఆ పని ఇరుగుపొరుగువారు చేస్తారు, బంధువులు చేస్తారు. ఇరుగుపొరుగువారు చేయలేని పని ఒకటి ఉన్నది. రాష్ట్ర ఖజానాలోని ధనం ఎవరికి, ఎందుకు, ఎంత ఇవ్వాలో నిర్ణయించే సభలో చేయి ఎత్తడమే అది. ఆ సభలో బడ్జెటును శాఖలవారీగా విడదీసి సభ్యుల ఆమోదం కొరకు పెట్టేవాటికి మన భాషలో పెట్టుకొన్న పేరు పద్దులు. దుకాణం పుస్తకంలో షావుకారు వ్రాసేది కూడ పద్దే. ఈ రెండు పద్దులను పక్కపక్కన పెట్టి చూడవలెనని ఆనాటి నుండి నా మనసులో ఉన్నది.

ఈ తీరం చరిత్రలో అందుకు తగిన మనిషి గౌతు లచ్చన్నగారు. 1909 ఆగస్టు 16న సోంపేట దగ్గర బారువలో, కల్లుగీత వృత్తిగా గల పేద కుటుంబంలో పుట్టినారు. ఉప్పు సత్యాగ్రహం నాడు ఇరవై ఒక్కటో ఏటనే ఉద్యమంలో దిగినారు. సర్దార్ అనే బిరుదు ఏ ప్రభుత్వమూ ఇచ్చినది కాదు, జనం పెట్టినది. 2006 ఏప్రిల్ 19న కన్ను మూసేవరకు ఆ పేరు ఆయనను వదలలేదు.

ఆయన రాజకీయం ఎక్కడ పక్వమైనదో తెలియవలెనంటే 1940 నాటి పలాసను గుర్తు చేసుకొనవలె. ఆ ఏడు మార్చిలో అఖిల భారత కిసాన్ మహాసభ పలాసలో జరిగినది. అధ్యక్షునిగా ఎన్నుకొన్నది రాహుల్ సాంకృత్యాయన్‌గారిని. ఎక్కడో ఉత్తరాన పుట్టిన బహుభాషా పండితునికీ, మందస జమీందారీలో కట్టెపుల్లల కొరకు అడవికి పోయి దెబ్బలు తినే రైతుకూ చుట్టరికం కలిపినది ఆ సభ. సభ ముగిసిన కొద్ది రోజులకే, ఏప్రిల్ 1న, గుడారి రాజమణిపురంలో పోలీసు కాల్పులు జరిగినవి. సాసుమాన గున్నమ్మ అనే రైతు స్త్రీ ఆ కాల్పులలో నేలకొరిగినది. నేటికీ ఆమెను ఈ ప్రాంతంలో వీరగున్నమ్మ అనే పిలుస్తారు. అడవిలో కట్టె కొట్టే హక్కు ఎవరిదన్న ప్రశ్నకు ఆనాడు తుపాకి జవాబు చెప్పినది. 1948లో మద్రాసు శాసనసభ ఎస్టేటుల రద్దు చట్టం చేసిన తరువాతనే ఆ ప్రశ్న తుపాకి చేతిలోనుండి చట్టం చేతిలోకి వచ్చినది. శాసనసభ అంటే ఏమిటో పలాస, మందస రైతులకు పుస్తకం చెప్పి నేర్పనక్కరలేదు. వారికి నేర్పినది ఈ ఎనిమిదేళ్ళ అంతరము.

లచ్చన్నగారి శాసనసభ జీవితంలో అందరూ గుర్తుంచుకొన్నది 1954 నవంబరు 6. ఆంధ్రరాష్ట్రం పుట్టి పదమూడు నెలలు. కర్నూలులో టంగుటూరి ప్రకాశం పంతులుగారి ప్రభుత్వము. అమలులో ఉన్నది మద్యనిషేధము. తాడిచెట్టు, ఈతచెట్టు గీసి బ్రతికే వేలాది కుటుంబాలకు ఆ చట్టం వచ్చిన నాటినుండి పొయ్యిలో పిల్లి లేవలేదు. మద్యనిషేధం అమలు తీరును పరిశీలించడానికి ఎస్.వి. రామమూర్తిగారి అధ్యక్షతన వేసిన సంఘం దానిని ఎత్తివేయవలెనన్నది. ప్రభుత్వం ఆ సిఫారసును స్వీకరించలేదు. గీత కార్మికుల తరఫున లచ్చన్నగారు సత్యాగ్రహం నడపినారు. చివరకు ఆ సమస్య మీదనే సభలో అవిశ్వాసం నెగ్గినది. ఒకే ఒక్క ఓటు తేడాతో మంత్రివర్గం పడిపోయినది.

ఈ ఘట్టాన్ని చెప్పుకొనేటప్పుడు మన విద్యావంతులు కొంత ఇబ్బంది పడుతుంటారు. తుపాకికి గుండె చూపిన ఆంధ్రకేసరిని కల్లుముంత కూల్చినదని ఎద్దేవా చేసినవారు ఆనాడూ ఉన్నారు, ఈనాడూ ఉన్నారు. నా అభిప్రాయం వేరు. ప్రకాశంగారి మీద గౌరవం తగ్గించుకోకుండానే ఒక మాట అనవచ్చును. ఆ ఓటు ఎవరి కొరకు పడినదో దాచిపెట్టలేదు. ఏ చెట్టు ఎక్కి ఎవరు బ్రతుకుతున్నారో, ఎవరు ఆ సభ్యుని సభకు పంపినారో, సభ్యుడు అక్కడ ఏమన్నాడో అంతా ఒక్క గీతలో ఉన్నది. ఆ ఓటు మంచిదా కాదా అని పోట్లాడుకొనవచ్చును. అది ఎక్కడినుండి వచ్చినదని వెదకనక్కరలేదు.

లెక్క అంటే జమతోపాటు ఖర్చు కూడ వ్రాయవలె. 1955 ఎన్నికలలో కృషికార్ లోక్ పార్టీ కాంగ్రెసుతో కలసి ఐక్యకూటమిగా పోటీ చేసినది. బెజవాడ గోపాలరెడ్డిగారి మంత్రివర్గంలో లచ్చన్నగారు చేరినారు. ఏ ప్రశ్న మీద ఒక మంత్రివర్గం పడిపోయినదో ఆ మద్యనిషేధం మాత్రం ఆంధ్ర ప్రాంతంలో తరువాత కూడ చాలాకాలం నిలిచినది. ప్రతిపక్షంలో ఉండగా కూల్చగలిగినదానిని మంత్రిగా ఉండి మార్చలేకపోయినారని విమర్శించవచ్చును. ఆ తరువాత ఆయన స్వతంత్ర పార్టీలో రంగాగారి పక్కన నిలిచినారు. 1967లో సోంపేట శాసనసభ స్థానమూ, శ్రీకాకుళం లోకసభ స్థానమూ రెండూ గెలిచి, లోకసభను వదలుకొని శాసనసభనే ఉంచుకొన్నారు. ఖాళీ అయిన స్థానంలో ఎన్.జి. రంగాగారు ఎన్నికైనారు. ఢిల్లీ వదలి హైదరాబాదును కోరుకొన్న రాజకీయవేత్తలు మన చరిత్రలో ఎక్కువమంది లేరు. వంశధార మీద గొట్టా వద్ద కట్టిన ఆనకట్టకు ఆయన పేరు పెట్టినారు. నీటికి మనిషి పేరు పెట్టడం ఈ జిల్లాలో చిన్న గౌరవం కాదు.

మద్యనిషేధం మాట వచ్చినది గనుక ఒక చిత్రం చెప్పి ముందుకు సాగుతాను. నలభై ఏళ్ళ తరువాత, 1994లో, నందమూరి తారక రామారావుగారు హిందూపురంతోపాటు టెక్కలి నుండి కూడ పోటీ చేసి రెండుచోట్లా గెలిచినారు. ముఖ్యమంత్రి అయి, 1995 జనవరి నుండి సంపూర్ణ మద్యనిషేధం అమలు చేసినారు. 1997లో దానిని సడలించినారు. మద్యనిషేధం మీద ప్రభుత్వాన్ని పడగొట్టిన నాయకునిదీ, మద్యనిషేధం తెచ్చిన నాయకుడు గెలిచిన స్థానాలలో ఒకటీ ఇరవై, ముప్పై మైళ్ళ దూరంలో ఉన్నవి. రెండు నిర్ణయాల వెనుకా పేదవారే ఉన్నారు. మొదటిదాని వెనుక చెట్టెక్కే మగవాడు, రెండవదాని వెనుక సారా దుకాణం ముందు నిలబడి పోరాడిన ఆడది.

ఇక ధనం విషయము. రేడియోలో ఈ మాట ఎత్తడానికి మావారు సామాన్యంగా జంకుతారు. ఏ పార్టీని పొగడరాదు, ఏ పార్టీని తెగడరాదు అనే కట్టుబాటు మాకున్నది. అందుచేత పార్టీల జోలికి పోకుండా చట్టం జోలికే పోతాను.

1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం అభ్యర్థి చేతికి ఒక ఖాతా పుస్తకం ఇచ్చినది. నామినేషను వేసిన నాటినుండి ఫలితం ప్రకటించిన నాటివరకు, ఆ రెండు రోజులతో కూడ, పెట్టిన ప్రతి పైసా అందులో ఎక్కవలె. ఫలితం వచ్చిన 30 రోజులలో ఆ లెక్క జిల్లా ఎన్నికల అధికారికి చేరవలె. తగిన కారణం లేకుండా చేరకపోతే కమిషను మూడేళ్ళు అనర్హత విధించవచ్చును. పరిమితి దాటినట్లు రుజువైతే అది అవినీతి చర్య. మనవంటి పెద్ద రాష్ట్రాలలో శాసనసభ అభ్యర్థికి ఆ పరిమితి 2014లో 28 లక్షలు, 2022 జనవరి నుండి 40 లక్షలు. పలాస నియోజకవర్గంలో పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాలున్నవి. ఓటర్లు రెండు లక్షల పైచిలుకు. భాగించి చూడండి, ఓటరు ఒక్కంటికి ఇరవై రూపాయలలోపు. కాశీబుగ్గలో రెండు మార్లు టీ తాగితే అయిపోయే డబ్బు.

చట్టం ఇంత సన్నగా వడపోస్తుంటే ఎన్నికల నాడు ఊళ్ళలో ప్రవహించే ధనం ఎక్కడిదని మీరు అడుగవచ్చును. వడపోత గుడ్డ ఒక పక్క చినిగి ఉన్నది. 1974 అక్టోబరులో కన్వర్‌లాల్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు, అభ్యర్థి గెలుపు కొరకు పార్టీ పెట్టిన ఖర్చు కూడ, ఆయన ఎరిగి అంగీకరించినదైతే, ఆయన లెక్కలోనే చేరవలెనన్నది. తీర్పు వ్రాసినవారు జస్టిస్ భగవతి. ఆ ఏడాదే చట్టాన్ని సవరించి ఆ తీర్పు బలాన్ని తీసివేసినారు. ఆ వివరణలో కొంత భాగాన్ని తరువాత మార్చినారు గాని, పార్టీ ఖర్చుకు పరిమితి అనేది నేటికీ లేదు. కంపెనీలు పార్టీలకు విరాళాలివ్వడం 1969లో నిషేధించినారు, 1985లో మళ్ళీ అనుమతించినారు. 2018లో వచ్చిన ఎన్నికల బాండ్ల పద్ధతిలో ఇచ్చినవారి పేరు ఓటరుకు తెలియదు. ఓటరుకు తెలియవలసిన హక్కున్నదని 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఆ పద్ధతిని కొట్టివేసినది.

గీత కార్మికుని కొరకు పడిన ఓటు ఎవరిదో తెలిసినట్లు, ధనం ఇచ్చినవాని కొరకు పడిన ఓటు ఎవరిదో తెలియదు. ఈ తేడా దగ్గరనే నా ఆలోచన ఆగిపోతుంటుంది.

ఇది పట్టణవాసుల పంచాయితీ అనుకొనవద్దు. 2008లో సోంపేట బీల భూములను, టెక్కలి నియోజకవర్గంలోని కాకరాపల్లి తంపర భూములను థర్మల్ విద్యుత్ కేంద్రాల కొరకు ఇచ్చినది శాసనసభ ఓటుతో కాదు, ప్రభుత్వ ఉత్తర్వులతో. ప్రజలు వద్దన్నారు. 2010 జూలై 14న సోంపేటలో పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయినవి. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీళ్ళ ప్రాధికార సంస్థ ఆ కేంద్రానికిచ్చిన అనుమతిని రద్దు చేసినది. ఒక్క పూట ముందు వచ్చి ఉంటే ఎంత బాగుండును! మరుసటేడు ఫిబ్రవరి 28న కాకరాపల్లిలోనూ కాల్పులు, మరణాలు. ఉత్తర్వు వెలువడినప్పుడు సభ్యునికి గల ఆయుధాలు ఏమిటి? ప్రశ్న, వాయిదా తీర్మానము, పద్దు మీద కోత తీర్మానము. అవి తుప్పు పట్టి ఉంటే జనం రోడ్డు మీదికి రావలసి వస్తుంది. రోడ్డు మీద ఎదురయ్యేది 1940లో ఎదురైనదే.

ఉద్దానం కష్టం ఇంకొకటి ఉన్నది. అది రోడ్డు మీదికి రాదు. మంచం మీదనే ఉంటుంది. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాలలో మూత్రపిండాల వ్యాధి ఎన్ని ఇళ్ళను తిన్నదో ఆ ప్రాంతం తిరిగినవారికి తెలుసును. నీరా, నేలలోని లోహమా, ఎండలో చెమటోడ్చే పనియా, పురుగుమందులా అని ఎందరో పరీక్షించినారు. ఇదొక్కటే కారణమని నేటికీ తేలలేదు. మొదట్లో డయాలసిస్ కొరకు విశాఖపట్నం దాకా పోవలసి వచ్చేది. వారానికి రెండు మూడు మార్లు, రోగితోపాటు కూలి మానుకొని మరొక మనిషి. ఆ రైలు ఛార్జీలకు కొబ్బరితోటలు అమ్ముకొన్నవారున్నారు. ఈ పరిస్థితి క్రమంగా మారినది. దగ్గరి ఊళ్ళలో డయాలసిస్ కేంద్రాలు వచ్చినవి. రోగులకు పింఛను వచ్చినది, తరువాత డయాలసిస్ రోగులకు అది నెలకు పదివేలైనది. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, మూత్రపిండాల పరిశోధన కేంద్రము ప్రారంభమైనవి. హిరమండలం జలాశయం నుండి గొట్టాల ద్వారా ఉద్దానానికి తాగునీరు తెచ్చే 700 కోట్ల రూపాయల పథకమూ ఆ రోజే మొదలైనది.

ఇది ఎవరి ఘనత అంటే ప్రతి పార్టీకీ ఒక జాబితా ఉన్నది. ఆ జాబితాలు నేను చదువను. నేను చూడమనేది వేరొకటి. పింఛను అంకె ఒక ఉత్తర్వులో ఉంటుంది. ఆ అంకెకు ధనం ఒక పద్దులో ఉంటుంది. ఆసుపత్రి భవనానికి శంకుస్థాపన చేసిననాడు అందరూ ఫోటోలో ఉంటారు. కాని ఆ భవనానికి ఎందరు నెఫ్రాలజిస్టులను మంజూరు చేసినారు, ఆ ఉద్యోగాలలో ఎన్ని ఖాళీలున్నవి, గొట్టంలో నీరు చివరి ఊరికి వారానికి ఎన్ని రోజులు అందుతున్నది అని ఏటేటా సభలో లేచి అడిగేవాడు ఫోటోలో పడడు. శాసనసభ చర్చల సంపుటాలలో పడతాడు. పెళ్ళికి రాని సభ్యుణ్ణి మనం తప్పు పడతాము. ఈ ప్రశ్న వేయని సభ్యుణ్ణి తప్పు పట్టినవారిని నేను ఇంకా చూడలేదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గరనే తీరం దాటినది. కొబ్బరిచెట్లు వరుసగా పడుకొన్న ఆ దృశ్యం గుర్తుకు వస్తే ఈనాటికీ మనసు బరువెక్కుతుంది. కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావడానికి అయిదారేళ్ళు పట్టును. చెట్టు పడితే ఒక పంట పోయినట్లు కాదు, ఇంటి పెద్దకొడుకు పోయినట్లు. పరిహారం మొదట చెట్టుకు 1,500 రూపాయలన్నారు. తరువాతి ప్రభుత్వం 3,000 అన్నది. చెట్టు విలువను ఎవరు, ఏ లెక్కతో నిర్ణయించినారు? ఎన్నేళ్ళ కాపును లెక్కగట్టినారు? తోటలో పనిచేసే కూలికీ, పీచు ఒలిచే ఆడవారికీ ఆ అయిదారేళ్ళూ ఏమని వ్రాసినారు? ఒక సభ్యుడు ఒక రాత్రి కూర్చొని నాలుగు కాగితాలు చదివి, మరునాడు అయిదు నిమిషాలు మాట్లాడితే తేలవలసిన సంగతులివి. విధానమనే పెద్ద మాటకు నాకు తెలిసిన అర్థం ఇంతే.

మళ్ళీ నిరుడు అదే ఊరికి పని మీద వెళ్ళినాను. ముసలాయన ఉన్నాడు, చూపు కొంచెం తగ్గినది. నేను ఈ లెక్కల సంగతులన్నీ చెప్పుకొంటూ వచ్చినాను. నామినేషను నాడు అభ్యర్థి ఆస్తులు, అప్పులు, తన మీద ఉన్న కేసులు ప్రమాణపత్రంలో వ్రాసి ఇవ్వవలెననీ, సుప్రీంకోర్టు 2002లోను, 2003లోను చెప్పినందువల్ల అది వచ్చినదనీ చెప్పినాను. ఎన్నికల తరువాత దాఖలు చేసిన ఖర్చుల లెక్కను ఎవరైనా చూడవచ్చుననీ, నియమావళిలో దానికి రుసుము ఒక్క రూపాయి అనీ చెప్పినాను. రూపాయి అనేసరికి పక్కవారు కూడ దగ్గరికి జరిగినారు.

"ఆ రూపాయి యెక్కడ కట్టాల బాబూ?" అన్నాడు ముసలాయన.

"శ్రీకాకుళంలో. కలెక్టరు కచేరీలో."

ఆయన వేళ్ళ మీద లెక్క కట్టినాడు. ఊరినుండి పలాసకు ఆటో, పలాసనుండి శ్రీకాకుళానికి బస్సు, మధ్యాహ్నం భోజనము, మళ్ళీ బస్సు, మళ్ళీ ఆటో, ఒక రోజు కూలి. ఇంటర్‌నెట్టులో కూడ పెడతారు, ఫోనులో చూడవచ్చునన్నాను. తోటలో పీచు ఒలుస్తున్న మనవణ్ణి కేకవేసి పిలిచినాడు. ఆ అబ్బాయి చేతులు తుడుచుకొని ఫోను తీసి, "పేరు చెప్పు తాతా, ఎవరిది చూడమంటావు?" అన్నాడు.

"అందరిదీ" అన్నాడు ముసలాయన.